నెట్ ఒకరి దగ్గర, టీవీ ఇంకొకరి దగ్గర

పాత కనెక్షన్ గడువు దగ్గరపడింది. సాయంత్రమైతే చాలు, వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోయేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మారాల్సిందేనని ఇంట్లో అందరం ఒక మాట మీదికి వచ్చాం. ఎక్కడికన్నదే తేలలేదు. టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి ఒకే బిల్లు అని ఒక కంపెనీ, నెట్ మాత్రమే ఇస్తాం కానీ ఇంటి దాకా ఫైబర్, అంటే గాజు తీగ, వేస్తాం అని ఇంకో కంపెనీ, ఉన్న కేబుల్ టీవీ వైరు మీదే నెట్ కూడా ఇస్తానని కేబుల్ ఆపరేటర్. ముగ్గురూ రోజు మార్చి రోజు ఫోన్లు.

ప్లాన్ల పట్టికలు పక్కన పెట్టి, ముందు మా ఇంట్లో ఎవరికి ఏం కావాలో రాసుకున్నాను. నాన్నకి రిమోట్‌లో నంబరు నొక్కగానే ఛానల్ రావాలి. యాప్ తెరవడం, పాస్‌వర్డ్ కొట్టడం ఆయన వల్ల కాదు, చేయరు కూడా. మా ఆవిడ ఇంటి నుంచే పని చేస్తుంది, రోజంతా మీటింగులు, మధ్యలో పెద్ద పెద్ద ఫైళ్లు పంపాలి. పిల్లలకి ఆన్‌లైన్ గేమ్‌లు. రాత్రి సినిమా అందరికీ.

లెక్క వేస్తే ఆశ్చర్యం వేసింది. నెట్‌ఫ్లిక్స్ 4కె సినిమాకి సూచించే స్పీడ్ 15 ఎంబీపీఎస్, మామూలు ఫుల్ హెచ్‌డీకి 5. రెండు టీవీల్లో ఒకేసారి 4కె ఆడినా 30తో సరి. వీడియో కాల్‌కి మూడో నాలుగో. అన్నీ కలిపినా మా ఇల్లు వంద దాటదు. గేమ్ ఆడేటప్పుడు వాడే డేటా ఇంకా తక్కువ, దానికి కావాల్సింది పింగ్, అంటే మన నొక్కుడు సర్వర్ దాకా వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం, తక్కువగా, నిలకడగా ఉండటం. మరి కరపత్రాల్లో 500, 1000 ఎంబీపీఎస్ అని అంత పెద్ద అక్షరాలు ఎవరి కోసం? పెద్ద గేమ్‌లు తరచూ డౌన్‌లోడ్ చేసేవారికి తేడా తెలుస్తుంది, కాదనను. అక్కడా ఒక మెలిక ఉంది. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఫైల్ సైజు చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లకు ఒక బైట్. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది" అని గొడవపడేవాళ్లలో చాలామంది గొడవ ఇదే.

అసలు అడగాల్సింది అప్‌లోడ్, అంటే మన ఇంట్లోంచి బయటికి పోయే స్పీడ్. కేబుల్ ఆపరేటర్ తరఫున మాట్లాడినతన్ని అదే అడిగాను.

"అప్‌లోడ్ ఎంత వస్తుందండీ?"

"మూడు వందల ప్లాన్ సార్ అది."

"అది డౌన్‌లోడ్ కదా?"

"అప్‌లోడ్ ఎవరు చూస్తారు సార్!"

మా ఇంట్లో చూస్తారు. కేబుల్ వైరు మొదట టీవీ ఛానళ్ల కోసం వేసింది, సిగ్నల్ అంతా ఇంటి వైపు రావడానికే. ఇంట్లోంచి వెనక్కి పోవడానికి ఫ్రీక్వెన్సీల్లో అట్టడుగున సన్నటి జాగా మాత్రమే వదిలారు. అందుకే చాలాచోట్ల ఆ లైన్లలో డౌన్‌లోడ్ ఘనంగా, అప్‌లోడ్ అందులో పదో వంతో ఇంకా తక్కువో ఉంటుంది. మీటింగ్‌లో అవతలివాళ్లు మనకు చక్కగా కనిపిస్తూ, మనం మాత్రం వాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపించేది ఇలాంటి లైన్ల మీదే.

ఇక ఫైబర్ అన్న మాట. మూడూ కలిపి ఇస్తామన్న కంపెనీ కరపత్రంలో అది నాలుగుచోట్ల ఉంది. "ఇంట్లోకి వచ్చే చివరి తీగ గాజుదా, రాగిదా?" అని అడిగితే, బయట పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి ఫోన్ వైరు అని చివరికి ఒప్పుకున్నారు. రాగి తీగ మీద దూరం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. పెట్టె పక్కింటికి వచ్చినంత మనకు రాదు.

ఇంటి దాకా ఫైబర్ వచ్చినా స్పీడ్ మొత్తం మనదే అనుకోనక్కర్లేదు. జీపాన్ అనే పద్ధతిలో ఒకే ఫైబర్‌ని 32 ఇళ్లకో, 64 ఇళ్లకో చీలుస్తారు. ఆ ఇళ్లన్నిటికీ కలిపి వచ్చేది సుమారు 2.5 జీబీపీఎస్ (అంటే 2,500 ఎంబీపీఎస్), పోయేది దాంట్లో సగం. 32 ఇళ్లవాళ్లూ ఒకేసారి పూర్తిగా లాగితే తలా 78 ఎంబీపీఎస్ వస్తుంది. ఆచరణలో అందరూ ఒకే క్షణంలో లాగరు కాబట్టి నడిచిపోతుంది. అయితే ఆ పైన కంపెనీ ఎంత సామర్థ్యం కొని పెట్టుకుందన్నది కరపత్రాల్లో దొరకదు. దానికి నాకు తోచిన దారి ఒక్కటే. అదే కనెక్షన్ వాడుతున్న పక్కవాళ్లని రాత్రి తొమ్మిది ప్రాంతంలో, ల్యాప్‌టాప్‌ని వైరుతో రూటర్‌కి కలిపి టెస్ట్ చేసి చూపించమన్నాను. మధ్యాహ్నం టెస్ట్‌లో అన్ని కంపెనీలూ బంగారమే. రాత్రి ఫైబర్ కంపెనీది మాత్రం పెద్దగా తగ్గలేదు, అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌కి సమానంగా ఉంది. నెట్ సంగతి నా మనసులో అక్కడే తేలిపోయింది.

టీవీ దగ్గర మళ్లీ చర్చ, విడిగా డిష్ పెట్టుకోవాలా వద్దా అని. పిల్లలు "నెట్ ఉండగా డిష్ ఎందుకు, అన్నీ యాప్‌లో వస్తాయి" అన్నారు. సినిమాలకి నిజమే. లైవ్ మ్యాచ్‌కి కాదు. నెట్‌లో లైవ్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగకుండా ఉండటానికి యాప్ కొన్ని ముక్కలు ముందే దాచుకుని ఆడిస్తుంది. దాంతో డిష్ కన్నా అర నిమిషం వెనకబడటం మామూలే. పక్కింట్లో కేకలు వినిపించాక మన టీవీలో బంతి వేస్తారు! డిష్ సిగ్నల్ 35,786 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహం నుంచి వస్తుంది. ఎంతమంది చూసినా దానికి బరువు పెరగదు, సాయంత్రం రద్దీ అంటూ ఉండదు. జోరువాన పడితే కాసేపు పోతుంది, అంతే. నాన్న ఓటు దానికే పడింది. నాకూ అదే నచ్చింది, ఎందుకంటే నెట్ పోయినరోజు టీవీ కూడా పోతే ఇంట్లో ఆయన ముందు నిలబడాల్సింది నేనే.

ఒకే బిల్లు సౌకర్యం వదులుకుంటున్నామని మా ఆవిడ కాస్త వెనకాడింది. ఇద్దరం కూర్చుని ఆ ఒప్పందం పూర్తిగా చదివాం. తగ్గింపు మొదటి కొన్ని నెలలకే, గడువు మాత్రం రెండేళ్లు. మధ్యలో టీవీ ఒక్కటి వద్దంటే నెట్ ధర మారుతుంది. రూటర్ మనది కాదు, నెలనెలా అద్దె. "అపరిమితం" అన్నదాని కింద చిన్న అక్షరాల్లో ఎఫ్‌యూపీ, అంటే ఇంత డేటా దాటితే స్పీడ్ తగ్గించేస్తారు. చదవడం అయ్యాక ఆ మాట మళ్లీ రాలేదు.

ఫైబర్ కంపెనీని సంతకానికి ముందు ఇంకొకటి అడిగాను, పబ్లిక్ ఐపీ, అంటే వేరెవరితో పంచుకోని సొంత నెట్ చిరునామా, ఇస్తారా అని. ఐపీ చిరునామాలు చాలక చాలా కంపెనీలు ఒకే చిరునామాని ఎంతోమందికి పంచుతున్నాయి. మామూలు వాడకానికి ఇబ్బంది లేదు. బయటి నుంచి ఇంట్లో కంప్యూటర్‌కి నేరుగా కలవాలన్నా, కొన్ని గేమ్‌లు సరిగా కలవాలన్నా అడ్డం. రూటర్‌లో వ్యాన్ (బయటి నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే పంచిన చిరునామా అన్నట్టే. అడిగితే విడిగా ఇస్తామన్నారు, అవసరమైనప్పుడు తీసుకుంటాను.

బిగించడానికి వచ్చిన కుర్రాడు రూటర్‌ని గుమ్మం పక్కనే పెట్టేసి వెళ్లిపోదామనుకున్నాడు. అతనికి వైరు ఆదా. హాలు మధ్యకి తెమ్మని పట్టుబట్టాను. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్పీడ్‌గా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది, 2.4 మెరుగ్గా దాటుతుంది కానీ నెమ్మది. పెట్టే చోటు తప్పితే కంపెనీ ఎంత మంచిదైనా లోపలి గదికి ఏమీ మిగలదు. ఆవిడ పనిచేసే బల్ల దాకా నెట్ వైరు వేయించాను. ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూపించమంటే కుర్రాడు ఉత్సాహంగా చూపించాడు. మైనస్ 19 డీబీఎం వచ్చింది, ఆ లెక్కలో మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత తక్కువ. మైనస్ 27 దగ్గరికి పోతే లైన్ తెగుతూ ఉంటుందట. ఆ అంకె రాసిపెట్టుకున్నాను, రేపు కంప్లయింట్ ఇవ్వాల్సి వస్తే పనికొస్తుంది. దారిలో ఫైబర్‌ని చీల్చే పెట్టెకి కరెంటు అక్కర్లేదు కాబట్టి, ఇంట్లో మోడెమ్‌కీ రూటర్‌కీ చిన్న యూపీఎస్ పెడితే కరెంటు పోయినా నెట్ ఉంటుందని చెప్పిందీ అతనే.

కొత్తది కుదురుకునే దాకా పాతది తీయలేదు. రెండు బిల్లులు కొన్నాళ్లు భరించినా టెన్షన్ లేదు. పాత కంపెనీకి వద్దని చెప్పగానే, అంతవరకు లేని తగ్గింపులన్నీ బయటికొచ్చాయి. మర్యాదగా వద్దన్నాను. రూటర్ తిరిగిచ్చేముందు సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, ఇచ్చినట్టు రసీదు రాయించుకున్నాను. డిపాజిట్ ఇంకా వాపసు రాలేదు. "ప్రాసెస్‌లో ఉంది సార్" అంటున్నారు. వచ్చే వారం రసీదు నంబరు పట్టుకుని మళ్లీ ఫోన్ చేయాలి.