చిన్నమ్మ ఫ్లెక్సీ, నా జీఆర్‌ఈ వెర్బల్

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్ష మొదటిసారి రాస్తే, అందులో ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌లో 170కి 148 వచ్చింది. పదాలు రాక మార్కులు పోయాయనుకుని ఇంకో వెయ్యి పదాలు బట్టీ పట్టడానికి కూర్చున్నాను. తీరా మాక్ టెస్టులు తిరగేస్తే దెబ్బ వేరేచోట పడింది. ఒక పాసేజీ ఇచ్చి, దాని రచయిత వాదనను బలహీనపరిచేది ఏది అని అడిగే ప్రశ్నలున్నాయే, మేం 'వీకెన్' అని పిలుచుకునేవి, వాటిలో పదింటికి ఏడు తప్పు పెడుతున్నాను.

అమీర్‌పేటలో నేను చేరిన కోచింగ్‌లో ఒక చిట్కా చెప్పారు: 'ఆల్', 'నెవర్' లాంటి గట్టి మాటలున్న ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి అని. పాసేజీలో ఏముందని అడిగినప్పుడు అది చాలావరకు పనికొస్తుంది. వీకెన్ ప్రశ్నకు మాత్రం అదే ముంచుతుంది. ప్రశ్నలోనే 'ఇఫ్ ట్రూ' అని ఉంటుంది, అంటే ఆప్షన్లో చెప్పింది నిజమనుకోమని వాళ్లే అంటున్నారు. నిజమనుకున్నాక మాట ఎంత గట్టిగా ఉంటే వాదనకు అంత దెబ్బ. నేనేమో సరైన జవాబునే "అబ్బో, మరీ ఎక్కువ చెప్తోంది" అని కొట్టేసి, 'సమ్' అని మెత్తగా మొదలయ్యేదాన్ని పెట్టి వచ్చేదాన్ని. ఆ చిట్కాకు ఫీజు కూడా కట్టాను, అది వేరే బాధ.

అసలు సంగతి తలకెక్కింది దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నమ్మ కర్రీ పాయింట్ దగ్గర. ఆదివారం పొద్దున, పప్పు కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ కూర్చున్నాను. "చూసినవా బిడ్డా, కొత్త ఫ్లెక్సీ కట్టినంక గిరాకీ ఎట్ల పెరిగిందో" అంది చిన్నమ్మ. సాంబారు కవరు కడుతున్న చిన్నాన్న తలెత్తకుండానే, "అదే నెలల వెనక సందుల పోరగాళ్ల హాస్టల్ పడ్డది కదా" అన్నాడు. "అయితే నా పైసలు ఉత్తగ పోయినయా?" అని ఆమె గరిటె పట్టుకుని ఇటు తిరిగింది.

చిన్నాన్న ఫ్లెక్సీ కట్టలేదనలేదు. గిరాకీ పెరగలేదనీ అనలేదు. రెండూ ఒప్పుకుని, ఆ రెంటికీ చిన్నమ్మ వేసిన ముడి ఉంది చూడండి, దాన్ని వదులు చేశాడు. ఫ్లెక్సీ చూసి ఒక్కరూ రాలేదని రుజువు కూడా చేయలేదు. ఆమె మాట మీద మనకున్న నమ్మకం కాస్త తగ్గింది, వీకెన్ ప్రశ్న అడిగేది అంతే. నేను ఇన్నాళ్లూ రచయిత ఇచ్చిన లెక్కలతోనే పోట్లాడాను, లేదంటే వాదనను నేలమట్టం చేసే ఆప్షన్ కోసం వెతికాను.

ఆ రాత్రి చిన్నమ్మ మాటనే ప్రశ్నగా రాసుకుని ఆప్షన్లు అల్లాను. ఫ్లెక్సీకి అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది: అయితే అయింది, గిరాకీ ఎందుకు పెరిగిందో దానికేం తెలుసు? కొందరు ఫ్లెక్సీని గమనించనేలేదు: ఆ కొందరు ముగ్గురే కావచ్చు, ఎప్పుడూ వచ్చే పాతవాళ్లే కావచ్చు. ఫ్లెక్సీ చిరిగిపోయిన వారం గిరాకీ తగ్గింది: ఇది చిన్నమ్మ తరఫు సాక్షి, అయినా టెన్షన్‌లో ఉంటే దీన్నీ పెట్టేసేదాన్ని. ఫ్లెక్సీ మార్చని పక్క కర్రీ పాయింట్‌కూ ఆ నెల అంతే గిరాకీ పెరిగింది: పాత నేనైతే "పక్కదుకాణం గొడవ మనకెందుకు" అని దీన్ని మొదటే కొట్టేసేదాన్ని. జవాబు ఇదే. ఫ్లెక్సీ లేకున్నా పెరిగిందంటే, ఇక్కడ పెరగడానికీ ఇంకేదో కారణం ఉండొచ్చు.

పెద్ద పాసేజీల్లో ఇంకో గుంట ఉంది. "పాత పరిశోధకులు ఇలా అనుకునేవారు" అని మొదలై, 'హవెవర్' దగ్గర మలుపు తిరిగి రచయిత తన మాట చెప్తాడు. నేను పాతవాళ్ల మాటను దెబ్బకొట్టే ఆప్షన్ పెట్టేదాన్ని. అంటే బలహీనపరచమంటే రచయితకు సాయం చేసి వచ్చానన్నమాట! అప్పటి నుంచి రఫ్ పేపర్ మీద ముందుగా తెలుగులోనే ఒక ముక్క రాసుకోవడం మొదలుపెట్టాను: ఎవరు, ఏమంటున్నారు, ఏం చూపించి అంటున్నారు. ఆ తర్వాతే ఆప్షన్లు చూసేదాన్ని.

రోజూ రాయదుర్గంలో ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను. అమీర్‌పేటలో రైలు మారేలోపు మూడు ప్రశ్నలు, మారాక సీటు దొరికితే ఇంకో రెండు. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించాక మొదటి వెర్బల్ సెక్షన్లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండోదాంట్లో 15కి 23 నిమిషాలు. ప్రశ్నకు నిమిషంన్నర అటూ ఇటూ. ముక్క రాసుకోవడం మొదట్లో టైం దండగ అనిపించింది, కానీ ఐదు ఆప్షన్లనూ రెండేసి సార్లు చదవడం తప్పాక ఆ టైం తిరిగి వచ్చింది.

మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగితే చాలు, నేను మూడు నెలలు ఆగాను. 156 వచ్చింది. 'ఎక్సెప్ట్' అని తిప్పి అడిగేవి ఇప్పటికీ నాకు సరిగా పడవు.

మార్కులు చెప్పగానే చిన్నమ్మ, "పరీక్షకు పోయేముందు నా దొండకాయ ఫ్రై తిన్నవు గదా, అందుకే" అంది. 148 వచ్చిన రోజు పొద్దున కూడా అదే ఫ్రై తిని వెళ్లాను. ఆ మాట నేను ఎత్తలేదు.