మన బియ్యమే, పక్కింటి అన్నం

పోయిన ఆదివారం రాత్రి మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, అన్నాన్ని వేలితో నొక్కి చూసి, "నాన్నా, ఇది పఖాళకు పనికిరాదు. నీళ్ళు పోస్తే జావైపోతుంది. పక్కింటి ఆయి వాళ్ళ అన్నమైతే మెతుకు మెతుకుగా ఉంటుంది" అంది. పఖాళ అంటే అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టే ఒడియా చద్దన్నం. పిల్లకు తొమ్మిదేళ్ళు. చారు గిన్నె పక్కకు జరిపి, తినకుండానే లేచిపోయింది.

ఆ అన్నం కిలో 60 రూపాయల సన్నబియ్యంతో వండింది. బాధ అక్కడ మొదలైంది.

ఒడిశాలోని రాయగడకు వచ్చి పదమూడేళ్ళయింది. దీన్ని ప్రవాసం అంటే కోనసీమలో మా వాళ్ళు నవ్వుతారు. పార్వతీపురం దాటగానే వచ్చే ఊరు పరదేశం ఎలా అవుతుందని వాళ్ళ ప్రశ్న. నిజమే, ఇక్కడ ఏ కొట్టులోనైనా తెలుగులోనే బేరమాడవచ్చు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీతకు అటువైపు పడిన ఊరు, అంతే. కానీ మా పిల్లలు చదివేది ఒడియా, ఆడుకునేది ఒడియాలో, చిన్నవాడు నిద్రలో కలవరించేది కూడా ఒడియాలోనే. అందుకే రాత్రి భోజనం దగ్గర నేను కాపలా కూర్చున్నాను. కంది పప్పు, చారు, ఆవకాయ, సన్నబియ్యం అన్నం, మాట్లాడితే తెలుగు. కొత్తగా ఇటు బదిలీ అయి వచ్చినవాళ్ళకు కూడా ఇదే సలహా చెబుతుంటాను: పగలు పిల్లలు ఎలా ఉన్నా, రాత్రి కంచం మాత్రం మనది కావాలి అని. చెప్పేటప్పుడు గొంతు కాస్త బరువుగా కూడా పెడతాను.

ఇంతకీ ఉదయం పదకొండు గంటలకు కొట్టులో లెక్కల పుస్తకం మూసి నేను తినేది మూఢి, ఘుగుని, అంటే ఇక్కడివాళ్ళ మరమరాలు, బఠాణీ కూర. ఆ సంగతి ఇంట్లో చెప్పను.

సరుకులకు, పాలకు, కూరలకు కలిపి నెలకు 8,000 రూపాయలు దాటకూడదు. రేషన్‌లో తలకు 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోల బియ్యం ఉచితంగా వస్తుంది. అయితే అది ఉప్పుడు బియ్యం, ఇక్కడివాళ్ళు ఉసునా అంటారు. వడ్లు ఉడికించి ఎండబెట్టి ఆడించిన బియ్యం కాబట్టి గింజ లావుగా, గట్టిగా ఉంటుంది. అందులోంచి ఇడ్లీ పిండికి నాలుగైదు కిలోలు ఉంచుకుని మిగతాది పక్కింటి పెద్దావిడకు ఇచ్చేస్తాం. ఆమె తన చెట్టు మునగాకు ఇస్తుంది. మా పిల్లలు ఆమెను ఆయి అంటారు, అంటే అమ్మమ్మ. నేను మాత్రం 1,500 పోసి సన్నబియ్యం బస్తా ఒకటి కొంటాను. ఆ లోటు పూడ్చడానికి పాలు అర లీటరు తగ్గించాం, గుడ్డు ఆదివారానికే పరిమితం చేశాం. మా ఆవిడ ఒకసారి, "ఆ బస్తా మానేస్తే పిల్లలకు రోజూ గుడ్డు పెట్టవచ్చండీ" అంది. సంస్కృతి గురించి నేను ఒక పది నిమిషాలు మాట్లాడాను. ఆమె వింటూనే గిన్నెలు తోముకుంది.

ఆదివారం రాత్రి నాకు ఆలస్యంగా వెలిగింది: మా అమ్మాయి ఆయి ఇంట్లో అంత ఇష్టంగా తింటున్నది మా రేషన్ బియ్యమే.

మర్నాడు సాయంత్రం పోట్లాడటానికి కాదుగానీ, చూసి వద్దామని వెళ్ళాను. మూలన మట్టికుండ. ముందురోజు అన్నంలో నీళ్ళు పోసి పులియనిచ్చింది. గరిటెతో కంచంలోకి వంచితే మెతుకులు విడివిడిగా, తెల్లగా ఉబ్బి ఉన్నాయి. పక్కన బడి చూరా: మినప వడియాలు వేయించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవనూనె వేసి నలిపింది. పైన తేరిన పుల్లటి నీళ్ళు గ్లాసులో పోసి ఇస్తూ, "తొరాణి తాగు" అంది.

గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. మా నాయనమ్మ వంటింటి మూలన కూడా ఒక కుండ ఉండేది. రోజూ వంచిన గంజి అందులో పోసేది. పొద్దున్నే ఆ పుల్లటి నీళ్ళలోంచి తీసిన అన్నం, ఉల్లిపాయ, ఉప్పు. దాన్ని మేము తరవాణి అనేవాళ్ళం. తరవాణి, తొరాణి. బడిలో ఎవరైనా పొద్దున ఏం తిన్నావని అడిగితే ఉప్మా అని అబద్ధం చెప్పేవాణ్ణి. సన్నబియ్యం అన్నం మా ఇంట్లో పండగకో, చుట్టాలు వస్తేనో. పదమూడేళ్ళుగా "మన తిండి" అని పిల్లలకు పెడుతున్నది మేము రోజూ తిన్నది కాదు, పక్కవాళ్ళ కంచాల్లో చూసి ఆశపడింది.

దీనికి ఏం చేయాలో నాకు స్పష్టంగా తెలియదు. ఈ నెల పెద్ద బస్తా కొనలేదు. పది కిలోలది కొన్నాను, అది పప్పుల డబ్బాల వెనక ఉంది. మార్చి 20న ఇక్కడ పఖాళ దివస చేస్తారు కదా, అప్పటిదాకా ఎందుకని బుధవారమే మేము కూడా ఉప్పుడు బియ్యం వండి కుండ పెట్టాం. చిన్నవాడు వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. అమ్మాయి రెండుసార్లు వేయించుకుంది. "దీన్ని తరవాణి అంటారమ్మా" అన్నాను. "తొరాణి నాన్నా, నీకు పలకడం రాదు" అని దిద్దింది.

తర్వాత, "మరి నాయనమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఎప్పుడూ పెట్టదేం?" అని అడిగింది.

అమ్మకు ఫోన్ చేశాను. ఉత్సాహంగా అంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "ఒరేయ్, పిల్లకు అది పెడుతున్నావా? బియ్యానికి డబ్బులు లేకపోతే నాకు చెప్పాలి గానీ" అంది. గొంతులో ఏడుపు వినిపించింది. అది కాదమ్మా అని చెప్పబోతే, శనివారం రైలుకు వచ్చే వాళ్ళెవరితోనో బస్తా పంపిస్తానని ఫోన్ పెట్టేసింది.

అమ్మాయి ఇంకా నా వైపే చూస్తోంది. "నాయనమ్మ ఏమంది?"

"కుండ బాగా కడగమంది" అన్నాను.