ఏకశిలలో దొరకనిది, బొగ్గు పొరలో దొరికేది

మన కాలేజీ సంచికలో ఆటల పోటీల గురించి, వార్షికోత్సవాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటర్ రెండో సంవత్సరం జూవాలజీలో జీవపరిణామం పాఠాన్ని మన సారు ఎట్లా చెప్పేవారో ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు అదే పాఠం చెబుతున్న మనవాళ్లకు పనికొచ్చేలా, కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

పాఠం రాయితో మొదలయ్యేది. ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది కదా! కోటలోని ఏకశిల గుట్ట గ్రానైటు. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. "ఈ గుట్టను ఎంత లోతు తవ్వితే శిలాజం దొరుకుతది?" అన్నది సారు మొదటి ప్రశ్న. పిల్లలు తలా ఒక లోతు చెప్పేవారు. ఎంత తవ్వినా దొరకదు. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి గట్టిపడితే గ్రానైటు అవుతుంది. అందులో ఆకూ ఎముకా మిగలవు. శిలాజం కావాలంటే బురద, ఇసుక పొరలుగా పేరుకున్న చోటికి పోవాలి. భూపాలపల్లి దిక్కు పోతే ఆ పొరలే.

ప్రాణహిత–గోదావరి లోయ పొరలను నల్లబల్ల మీద కింది నుంచి పైకి గీయాలి. పై నుంచి గీస్తే పిల్లలకు వరుస తలకిందులుగా గుర్తుంటుంది. అడుగున తాల్చిర్ అనే పొర, దానిపైన సింగరేణి తవ్వే బొగ్గున్న బరాకర్ పొర. బరాకర్ పొరల్లో గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకులు ఉంటాయి. ఇంకా పైన మలేరి పొర, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరి పేరే దానికి పెట్టారు. అందులో ముక్కు కొక్కెంలా వంగిన హైపరోడపిడాన్, మొసలిని పోలిన పారాసూకస్ అనే సరీసృపాలు. ఆ పైన కోటా పొర. అక్కడ బారాపాసారస్, కోటాసారస్ లాంటి భారీ డైనోసార్లు, వాటితోపాటు ఎలుకంత క్షీరదాల పళ్లు. బొగ్గు పొరలో ఇంతవరకు డైనోసార్ ఎముక దొరకలేదు. ఒక్కటి దొరికినా ఈ లెక్కంతా తిరగరాయాలి. పరిణామానికి పిల్లలు పట్టుకోవలసిన సాక్ష్యం ఈ వరుసే: కింద పాతవి, పైన కొత్తవి. విడిగా ఒక ఎముక చూపిస్తే అది వింత వస్తువుగానే మిగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. గ్లోసాప్టెరిస్ ఇండియాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో దొరుకుతుంది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి అది సాక్ష్యం. పరిణామానికి సాక్ష్యమని చెబితే రెండు పాఠాలూ కలగాపులగం అవుతాయి.

కాలం లెక్కకు సుతిలి తాడు కావాలి. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. మీటరుకు 10 కోట్లు అనుకుంటే 45 మీటర్ల 40 సెంటీమీటర్లు. మైదానం కావాలి, వరండా సరిపోదు. గుర్తుకు తాడునే ముడి వేయొద్దు, ముడి ముడికీ పొడవు తగ్గి లెక్క తప్పుతుంది. రంగు గుడ్డపీలికలు కట్టాలి. ఈ రోజు ఉన్న కొస నుంచి ఏకశిల 25 మీటర్ల దగ్గర, బొగ్గు సుమారు 2 మీటర్ల 80 దగ్గర, కోటా డైనోసార్లు సుమారు 1 మీటరు 80 దగ్గర వస్తాయి. పక్షులు తప్ప డైనోసార్లన్నీ అంతరించింది 66 సెంటీమీటర్ల దగ్గర. మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే 3 మిల్లీమీటర్లు. అక్కడ పీలిక కట్టడానికి చోటే ఉండదు, కొసకు సిరాచుక్క పెట్టాల్సిందే.

వయసు ఎట్లా తెలుస్తుందన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. డైనోసార్ ఎముకకు కార్బన్ డేటింగ్ అని పరీక్షలో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బన్–14 అర్ధజీవితం, అంటే ఉన్నదాంట్లో సగం క్షయమయ్యే కాలం, 5,730 ఏళ్లు. పది అర్ధజీవితాలు గడిస్తే మిగిలేది 1,024లో ఒక వంతు. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ ఉండదు. పాత రాళ్లకు యురేనియం–238 లాంటివి కావాలి, దాని అర్ధజీవితం 447 కోట్ల ఏళ్లు. ఇసుకరాయిలోని రేణువును కొలిస్తే ఆ రేణువు పుట్టిన కాలం వస్తుంది, పొర ఏర్పడిన కాలం రాదు. అందుకే పొరకు పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిదను, లావాను వెతుకుతారు.

అర్ధజీవితాన్ని చేసి చూపడానికి 128 రూపాయి బిళ్లలు, మూతున్న స్వీటు డబ్బా చాలు. డబ్బా ఊపి, మూత తీసి, బొమ్మ పడినవి పక్కకు తీయాలి. సుమారుగా 64, 32, 16 వస్తాయి. ఎనిమిదికి దిగాక లెక్క గాడి తప్పుతుంది, ఎందుకంటే నాణేలు తక్కువ. అసలు రాయిలో పరమాణువులు కోట్లకు కోట్లు ఉంటాయి కాబట్టే లెక్క నిలుస్తుంది. నాణేలు లేవని చీల్చిన చింతగింజలు వాడితే, వాటికి ఒక వైపు ఉబ్బు కాబట్టి సగానికి సగం పడవు. వక్రరేఖ మాత్రం ఆ తీరుగానే వస్తుంది, సగమయ్యే సమయమే మారుతుంది. చురుకైన పిల్లలకు ఆ తేడా చూపిస్తే అర్ధజీవితం ఏమిటో గట్టిగా పట్టుబడుతుంది.

చేతితో చూడాల్సింది షేల్ పలక, అంటే బురద పొరలుగా గట్టిపడిన రాయి. గనివాళ్ల అనుమతితో తెచ్చుకున్న ముక్కను పై నుంచి సుత్తితో కొట్టొద్దు, పిండవుతుంది. అంచున పొర గీత మీద బల్లపరుపు ఉలి ఆనించి మెల్లగా తట్టాలి. పుస్తకం తెరిచినట్టు రెండుగా విడుతుంది. ఎదురుగా చూస్తే అంతా నలుపే. గది చీకటి చేసి, టార్చి వెలుగును పక్క నుంచి పలకను ఒరుసుకుపోయేలా వేయాలి. అప్పుడు గ్లోసాప్టెరిస్ ఆకు నాలుక ఆకారం, నడిమి ఈనె, దానికి రెండు వైపులా వల అల్లినట్టు సన్న ఈనెలు లేచి కనిపిస్తాయి. నీళ్లతో కడగొద్దు, షేల్ విరిగి పొడి అవుతుంది. మెత్తటి బ్రష్ చాలు. బండల పగుళ్లలో మాంగనీసు వేసే నల్లటి చెట్టు బొమ్మలను పిల్లలు ఆకులనుకుంటారు. వాటిలో నడిమి ఈనె ఉండదు, కొమ్మలు పగులు నుంచే చీలుకుంటూ పోతాయి.

ఆర్కియోప్టెరిక్స్ అనే ఈకలున్న శిలాజానికి ఎక్కువ సమయం అక్కరలేదు. 1861లో జర్మనీ సున్నపురాయిలో దొరికింది. పళ్లు, ఎముకలున్న పొడవు తోక, రెక్క వేళ్లకు గోళ్లు, వీటితోపాటు ఈకలు. నేటి పక్షులకు తాత అని మాత్రం చెప్పకూడదు, లక్షణాలు కలగలిసిన దగ్గరి చుట్టం అంటే సరి. గుర్రం పరిణామం బొమ్మను నిచ్చెనలా గీసే అలవాటు కూడా మానాలి. కొమ్మలు కొమ్మలుగా చీలి, చాలావరకు ఎండిపోయిన పొద అది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది. పిల్లలను తీసుకుపోతే ముందే చెప్పాలి: అది ఒకే జంతువు కాదు, చాలా జంతువుల ఎముకలు కూర్చి నిలబెట్టారు, తల ఊహించి చేసింది. చెప్పకపోతే వాళ్లే కనిపెట్టి మొత్తాన్నీ నమ్మడం మానేస్తారు.

ల్యాబ్‌లోని షేల్ పలకల రెండు సగాలకూ ఒకే నంబరు ఉండాలి. ఏ ఊరు, ఏ గని, ఏ పొర, ఏ తేదీ అన్నవి పెన్సిల్‌తో రాసి చీటీని పలకతోనే ఉంచాలి. పెన్ను సిరా తేమకు చెదిరిపోతుంది. చీటీ పోయిన పలక ఏ పొరదో చెప్పలేం. పాత అల్మారాలో అట్లాంటివి కొన్ని ఉన్నాయి, వాటిని పాఠానికి తీయకండి.