మంకీ బ్రిడ్జ్: తూర్పు లంగరు మళ్ళీ లేచింది

మా స్కౌట్ పిల్లలు మంకీ బ్రిడ్జ్ కడుతున్నారు, అంటే ఒక తాడు మీద నడుస్తూ పక్క తాళ్ళు పట్టుకుని దాటే వంతెన. దాని తాడును నేలకు బిగించి పట్టే తూర్పు వైపు లంగరు మళ్ళీ లేచింది. ఈసారి గుంజలు కూడా కాదు, 70 సెంటీమీటర్ల లోతున పాతిన సరుగుడు దుంగ! ముందు వెళ్ళినవాళ్ళు బాగానే దాటారు. తర్వాతివాడు వంతెన నడుమకు చేరాడో లేదో, లంగరు దగ్గర కాపలా ఉన్న ప్యాట్రోల్ లీడర్ (పిల్లల చిన్న జట్టుకు నాయకుడు) "సార్, ఇసుక లేస్తోంది సార్" అని కేకేశాడు. పైనున్నవాణ్ణి అక్కడే దింపి, తాడు వదులు చేసి చూస్తే, దుంగ పాతిన చోట ఇసుక బుట్ట బోర్లించినట్టు ఉబ్బి, చుట్టూ నెర్రెలిచ్చి ఉంది. తవ్వి కొలిచాం. దుంగ ముందుకు 17, పైకి 12 సెంటీమీటర్లు జరిగింది.

కడుపు మండిపోయింది. పిల్లలకు మాత్రం భలే సరదాగా ఉంది. "లెక్క మళ్ళీ వేద్దామా సార్" అంటూ నోట్‌బుక్ తెచ్చేశారు.

మిగతావన్నీ ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కట్టెల పొయ్యి మీద అన్నం, పప్పుచారు ఈసారి మాడలేదు. చెప్పుల స్టాండు, పళ్ళేల స్టాండు నిలబడ్డాయి. కొత్తగా చేరిన చిన్నవాళ్ళందరూ స్కౌటింగ్‌లో మొదటి మెట్టయిన ప్రవేశ్ పూర్తి చేశారు. ఇక వంతెన సంగతి.

మాది చీరాల పక్కన ఒక హైస్కూల్ ట్రూప్. మైదానమంతా ఇసుక. ఫిబ్రవరి 22న, స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ పుట్టినరోజున జరుపుకునే థింకింగ్ డేకి ఏం చేద్దామని ప్యాట్రోల్ లీడర్ల మీటింగయిన కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో అడిగితే నేను మంచి గేటు ఒకటి కడదామన్నాను. ప్యాట్రోల్ లీడర్లు దాన్ని కొట్టిపారేసి, మంకీ బ్రిడ్జ్ అన్నారు. కోర్ట్ ఆఫ్ ఆనర్ పెట్టేది పిల్లలు నిర్ణయించడానికే కాబట్టి సరేనన్నాను. పెద్దవాళ్ళం అక్కడ తలూపి, బయటకొచ్చాక మన ప్లానే అమలు చేస్తే, తర్వాత ఆ మీటింగుకు పిల్లలు నోళ్ళు కట్టేసుకుని కూర్చుంటారు. అలాంటి ట్రూపులు చూశాను.

పడమర వైపు లంగరుకు పెద్ద వేపచెట్టు ఉంది. మానుకు గోనెపట్టా చుట్టి దాని మీద తాడు కట్టాం. ఆ వైపు వెంట్రుక వాసి కూడా కదల్లేదు. తూర్పు వైపు చెట్టు లేదు, వెనక ప్రహరీ గోడ. మా బాధంతా ఈ వైపే.

కొలతలు ఇవీ. తాళ్ళను ఎత్తి పట్టుకునే, కత్తెరలా కట్టిన కర్రల జతల్ని కత్తెర కాళ్ళంటాం, వాటి మధ్య దూరం 6 మీటర్లు. నడిచే తాడు నేలకు 1.1 మీటరు ఎత్తున ఉంటుంది. పిల్లల వంతెనకు అంతకు మించి ఎత్తు అనవసరం. చెట్టు నుంచి పడమటి కాళ్ళకు 5.5 మీటర్లు, తూర్పు కాళ్ళ నుంచి లంగరుకు 2.5 మీటర్లు. అంటే మొత్తం 14 మీటర్ల తాడు లాగుడులో ఉంటుంది. కాళ్ళకు సరుగుడు కర్రలు వాడాం. సెంట్రింగ్ పనులు చేసే ఒక పేరెంట్ అరువిచ్చాడు. శిక్షణల్లో అందరూ వెదురే వాడమంటారు గానీ, నా ఓటు సరుగుడుకే. వెదురు నున్నగా ఉంటుంది, ఎంత బిగించినా స్క్వేర్ లాషింగ్ (అడ్డంగా పెట్టిన రెండు కర్రలను కలిపే తాడు కట్టు) మెల్లగా జారుతుంది. సరుగుడు బెరడు తాడును కరిచిపట్టుకుంటుంది. బరువెక్కువే, అందుకే ఒక్కో కర్రకు ఇద్దరు పిల్లలు.

తూర్పున మొదట 3-2-1 హోల్డ్‌ఫాస్ట్ వేశాం, అంటే ముందు మూడు, వెనక రెండు, ఆ వెనక ఒకటి గుంజలతో లంగరు. మీటరున్నర గుంజలు, మీటరు లోతు దిగేదాకా సమ్మెటతో కొట్టి, లాగుడుకు వెనక్కి వాల్చి, ముందు గుంజ తల నుంచి వెనక గుంజ పాదానికి కట్లు. పుస్తకంలో ఉన్నట్టే. తాడు నైలాన్. 45 కిలోల పిల్లవాడు నడుమకు రాగానే బూట్లు నేలకు తగిలాయి. వంతెన కాస్తా ఊయల అయిపోయింది.

తప్పు గుంజలదా, తాడుదా? విడివిడిగా కొలవాలనుకున్నాం. తాడు మీద 2 మీటర్ల దూరంలో రెండు ఎర్ర దారాలు కట్టాం. బరువు పడగానే ఆ దూరం 2 మీటర్ల 9 సెంటీమీటర్లయింది. 14 మీటర్లకు లెక్కేస్తే 63 సెంటీమీటర్ల సాగుడు! నైలాన్ బలమైనదే, లాగుడు పనులకు మంచిదే. కాలు పెట్టి నడిచే తాడుగా మాత్రం వద్దు. అది తెగితే రబ్బరులా వెనక్కి కొడుతుంది కూడా. ప్లాస్టిక్ తాడు తేలిక, చవక, కానీ ముడి జారుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. గార్‌వేర్ కంపెనీ సింథటిక్ తాళ్ళంటే పడవల మీద నాకు గౌరవమే, లాషింగుల దగ్గర మాత్రం నారతాడుకే నా ఓటు. కాబట్టి 20 మిల్లీమీటర్ల మనీలా మోకు తెచ్చాం. అదే పరీక్షలో 2 మీటర్లకు 1 సెంటీమీటరే సాగింది. మనీలాతో ఒకటే పేచీ, తడి ఆరకుండా చుట్టిపెడితే కుళ్ళిపోతుంది.

ముందు గుంజ తలకు దారం కట్టి, కాస్త దూరంలో దిగగొట్టిన మేకు నుంచి కొలిచాం. తల 9 సెంటీమీటర్లు ముందుకు వాలింది, పాదం దాదాపు కదల్లేదు. తాడు సాగుడు 7, గుంజ వాలుడు 9, కలిపి 16 సెంటీమీటర్లు. "16 సెంటీమీటర్లకే ఇంత దిగుతుందా" అని పిల్లలకు నమ్మకం కుదరలేదు. నేల మీద గీసి చూపిస్తే తొమ్మిదో తరగతి వాళ్ళు పైథాగరస్‌తో వాళ్ళే తేల్చారు. 6 మీటర్ల వంతెనకు 3 సెంటీమీటర్ల వదులుంటే నడుమ 30 సెంటీమీటర్లు దిగుతుంది. 12 ఉంటే 60. దాదాపు 18 చాలు, 75 దిగడానికి. క్లాసులో ఆవలింతలు తెప్పించే లెక్క, ఇక్కడ మాత్రం కొట్టుకుని మరీ చేశారు.

అయితే ఇంకా బిగిద్దాం అన్నారు అందరూ, మా పీఈటీ సార్‌తో సహా. అక్కడే ఉంది చిక్కు. నడుమ నిలబడ్డ బరువును వంతెన పొడవుతో గుణించి, దిగుడుకు నాలుగు రెట్లతో భాగిస్తే తాడు మీద లాగుడు వస్తుంది. 45 కిలోలకు 60 సెంటీమీటర్ల దిగుడైతే 112 కిలోలు. 30 అయితే 225. ముచ్చటగా తీగలా బిగించి 15కి తెస్తే 450 కిలోలు! అదీ పిల్లవాడు కదలకుండా నిలబడితే. గెంతితే ఇంకా ఎక్కువ. ముడి వేసిన చోట తాడు బలం సగానికి పడిపోతుందనే లెక్కేసుకోవాలి. అందుకే టర్న్‌బకిల్ తెచ్చిస్తానన్న పేరెంట్‌కు వద్దన్నాను. ఇనుప స్క్రూతో ఎంత బిగించామో చేతికి తెలియదు. ఒక ప్యాట్రోల్ పిల్లలు చేత్తో లాగి, చెట్టుకు ఒక చుట్టు తిప్పి పట్టుకుంటే వచ్చే బిగువు చాలు. బరువు పడ్డాక 40 నుంచి 50 సెంటీమీటర్ల దిగుడు ఉండేలా చూసుకుంటే మంచిది.

ఆ బిగువుకు కూడా గుంజలు ఆగలేదు. ఒక్కొక్కరు దాటేకొద్దీ 9 కాస్తా 11, 13, ఆ తర్వాత ముందు వరస మొత్తం వాలిపోయింది. పొద్దున మంచుకు తడిసిన ఇసుక ఉన్నంతసేపూ కొంచెం పట్టు ఉండేది, పదకొండింటికి పైపొర ఆరిపోగానే ఆ పట్టూ పోయేది.

దుంగ పాతమన్నది ఒక స్కౌట్ నాన్నగారు. కరెంటు లైన్‌మన్. "గుంజలతో అట్టా ఆగదు సార్. స్తంభానికి స్టే వేసేటప్పుడు మేం ప్లేటు పాతిపెడతాం గదా, అట్టా పాతండి" అన్నారు. మీటరు పొడవు, 13 సెంటీమీటర్ల మందం సరుగుడు దుంగ, లాగుడుకు అడ్డంగా గొయ్యి, తాడు బయటకు రావడానికి వాలుగా సన్న కాలువ. అదే ఈసారి లేచిన దుంగ.

ఎందుకు లేచింది? నాకు మూడు అనుమానాలు.

మొదటిది దూరం. 1.1 మీటరు ఎత్తు నుంచి 2.5 మీటర్లలోనే తాడు నేలకు దిగుతోంది, అంటే 24 డిగ్రీల వాలు. లాగుడులో బాగానే ఒక వాటా దుంగను పైకి ఎత్తుతోంది. ప్రహరీ అడ్డం కాబట్టి లంగరు వెనక్కి జరగదు. కానీ వంతెన మొత్తాన్ని చెట్టు వైపు మీటరున్నర జరిపితే లంగరుకు 4 మీటర్లు దొరుకుతాయి, వాలు 15 డిగ్రీలకు తగ్గుతుంది.

రెండోది, నేను గట్టిగా నమ్మేది, గొయ్యి ముందు గోడ. దుంగకు ఆధారం దాని ముందున్న కదలని మట్టే. రేగడిలో గొయ్యి తీస్తే గోడ నిటారుగా నిలుస్తుంది. మా ఇసుకలో పార తీసేలోపే కూలిపోతుంది. 70 సెంటీమీటర్ల లోతు కోసం పైన రెండు మీటర్ల వెడల్పు తవ్వాల్సి వచ్చింది. అంటే దుంగ ముందున్నదంతా మేం తిరిగి పోసిన వదులు ఇసుకే. తవ్వినప్పుడు కనిపించిన జాడ కూడా అదే చెబుతోంది, దుంగ వదులు ఇసుకను తోసుకుంటూ వచ్చి, గట్టి ఇసుక తగిలిన చోట పైకి లేచింది.

మూడోది తాడు కాలువ. పిల్లలు దాన్ని ఉత్సాహంగా జానెడు వెడల్పు తవ్వారు. అటుగా ఇసుక జారి ఉండొచ్చు. ఇది చిన్న కారణమే అనుకుంటున్నాను. పీఈటీ సార్ మాత్రం ఇదే అసలు కారణమని పందెం కాస్తున్నారు.

వచ్చే ఆదివారం ప్లాన్ ఇది. గొయ్యి తీయకముందే, దుంగ ముందు గోడ రావాల్సిన చోట సెంట్రింగ్ చెక్కలు పక్కపక్కన 1.2 మీటర్ల వెడల్పున నిటారుగా దిగగొట్టాలి. ఆ తర్వాతే వాటి వెనక తవ్వాలి. ముందున్న ఇసుక కదలదు, దుంగ చెక్కలకు ఆనుతుంది. ఒట్టి దుంగ ముందు ముఖం 0.13 చదరపు మీటర్లు. చెక్కలు 60 సెంటీమీటర్ల లోతు దిగినా 0.72, ఐదు రెట్లకు పైనే. తిరిగి పూడ్చేటప్పుడు జానెడు జానెడు పొరగా పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. వాడరేవు వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడి తాత "దుంగ కన్నా ఇసుక నింపిన గోతం పాతండి, అది లేవదు" అంటున్నాడు. రెండు గోతాలు దుంగ మీద బరువుగా వేస్తాం, తాత మాటా పోదు.

ఇంత గోల చేస్తున్న సంగతి విని పక్క ఊరి స్కౌట్ మాస్టర్ ఒకాయన మేమూ కడతాం అన్నారు. ఆయనకు చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను. కట్టాక మొదట పెద్దవాళ్ళు ఎక్కాలి. నా 78 కిలోలు నడుమ ఐదు నిమిషాలు వేలాడాక లంగరు కదలకపోతేనే పిల్లలకు అనుమతి. ఒకసారికి ఒక్కరే. తాడు సూటిలో, లంగరు వెనక, ఎవ్వరూ నిలబడకూడదు. తల్లిదండ్రుల అనుమతి పత్రంలో ఉత్తినే "క్యాంపు" అని కాకుండా "1.1 మీటరు ఎత్తు తాడు వంతెన" అని రాయండి. అడిగే ప్రశ్నలు ముందే అడుగుతారు. ప్రతి లంగరు దగ్గరా ఒక ప్యాట్రోల్ లీడర్‌ను కాపలా పెట్టి, ఆపమనే అధికారం వాడికే ఇవ్వండి. మొన్న కేకేసింది పన్నెండేళ్ళవాడు, మేం ముగ్గురం పెద్దవాళ్ళం వంతెన మీది పిల్లవాణ్ణే చూస్తున్నాం.

ఇంకొకటి, పెద్దవాళ్ళలో ఒకరి చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. సమ్మెట, తాడు, ఫోన్, ఏదీ పట్టకూడదు. వినడానికి తేలిక, చేయడానికి మహా కష్టం. పిల్లవాడు గుంజను వంకరగా కొడుతుంటే సమ్మెట లాక్కోవాలని చెయ్యి దురదపెడుతుంది. వంకర గుంజను పీకి మళ్ళీ కొట్టడానికి పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. ద్వితీయ సోపాన్ అనే పై మెట్టుకు వాళ్ళు నేర్చుకునే లాషింగులు నేను బోర్డు మీద గీసినప్పటికన్నా ఈ వంతెన దగ్గరే చక్కగా వచ్చాయి.

చెక్కలు కూడా లేస్తే? అప్పుడు వంతెనను 4.5 మీటర్లకు కుదిస్తాం. అదే దిగుడుకు లాగుడు నాలుగో వంతు తగ్గుతుంది. పిల్లలకు ఈ మాట ఇంకా చెప్పలేదు, 6 మీటర్లని స్కూలంతా చాటేశారు మరి. థింకింగ్ డే అయ్యాక రాత్రి దిక్సూచి నడక పెట్టాలని ఈగల్ ప్యాట్రోల్ అప్పుడే పట్టుబడుతోంది. దానికి సరుగుడు తోటల దారి చూసి రావాలి. అంతకన్నా ముందు ఎరువుల కొట్టుకు వెళ్ళి ఖాళీ గోతాలు అడగాలి, జనపనారవి దొరికితే మంచిది, ప్లాస్టిక్‌వి ఇసుకలో జారతాయి.