పాత ఫిఫ్టీ, కొత్త ఫిఫ్టీ, మధ్యల మిక్సీ సౌండు

"భాయ్, అప్నా మిక్సీ బంద్ కరో" అన్నడు మా స్టూడియో చేట్టన్ (మలయాళంల అన్న అని), ఎడిటింగ్ రూముల అందరి ముందట. అంతటితో ఆగలే, హెడ్‌ఫోన్ వైరు పీకి స్పీకర్‌ల పెట్టిండు. షార్జాల మన హైదరాబాదోళ్ల నిఖా అది, పెళ్లికొడుకు "కుబూల్ హై" అంటున్నడు, సరిగ్గా ఆ మాట మీదనే నా లెన్సు కిర్ర్ కిర్ర్. ఫిలిప్పీన్స్ పిల్లగాడు నవ్విండు, పాకిస్తాన్ భాయ్ కూడా నవ్విండు, నాకైతే చెవులు వేడెక్కినయి. నిజానికి ఆ రోజు సౌండు చూసేటాయన వేరే మైకు పెట్టాలె, పెట్టకుండ కెమెరా మీది మైకుతోనే కానిచ్చిండు, తిట్లు మాత్రం నాకు.

నా దగ్గర ఉన్నది నికాన్ 50ఎంఎం 1.4డీ లెన్సు, ఫిఫ్టీ అనేది దీన్నే. 1995ల వచ్చిన మోడలు, 230 గ్రాములు ఉంటది, జేబుల పడ్తది. దీంట్ల మోటారే ఉండదు. మోటారు కెమెరా బాడీల ఉంటది, లెన్సు తగిలించే మౌంటు కాడ చిన్న స్క్రూ లెక్క కనపడ్తది సూడుండ్రి, అదే లెన్సును తిప్పుతది, ఆ తిప్పుడుకే ఈ సప్పుడు. 2008ల వచ్చిన 1.4జీల మోటారు లెన్సులనే పెట్టిండ్రు, సైలెంట్ వేవ్ అంటరు, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడది. స్టూడియోల ఉన్నది అదే. చేట్టన్ అప్పుడే అల్మారల నుంచి తీసి నా చేతిల పెట్టి, ఇగ ఇదే వాడు అన్నడు.

ఎంత ఆలోచించినా నాకు తెగనిది ఒక్కటే, ఇన్నేండ్లు ఈ సౌండు నాకెందుకు వినపడలే? కరీంనగర్ చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లు కొట్టిన ఇదే లెన్సుతోని! జీలకర్ర బెల్లం టైముకు గట్టిమేళం మొదలైతే పక్కోడు చెవుల అరిచినా వినపడది, లెన్సు కిర్రుమంటే ఎవనికి పట్టింది. పైగా మన పెళ్లి వీడియోల అసలు సౌండు ఎక్కడుంటది చెప్పుండ్రి, మూడు గంటలూ సినిమా పాటలే ఎక్కిస్తరు, అయ్యగారి మంత్రాలు కూడా సగం పాట కిందనే పోతయి. ఇక్కడ ఖాజీ సాబ్ మాట్లాడేటప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దం. అంటే తప్పు లెన్సుదా, పెళ్లిదా? మా కాడ పనికి అది సరిపోయింది, ఇక్కడ పనికి సరిపోతలేదు, అంతేగాని దాన్ని పట్టుకొని మిక్సీ అనుడు నాకు నచ్చలే.

సరే, కోపం మీద రెండిటినీ పక్కపక్కన పెట్టి డీ750 కెమెరా మీద చూసిన. జీ బాగుంది, కాదనను. 1.4 మీద, అంటే లెన్సు కన్ను (అపర్చరు) పూర్తిగ తెరిచి కొడితే, అంకె పెరిగిన కొద్ది అది మూసుకుంటది, పాతదాంట్ల బాగా వెలుగున్న చోట్ల చుట్టూ కొంచెం గ్లో వస్తది, కాంట్రాస్టు పల్చగ ఉంటది, 2.8కు వస్తేగాని గట్టిపడది. కొత్తదాంట్ల బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ మెత్తగ ఉంటది, ఆ కన్నును మూసే బ్లేడ్లు తొమ్మిది, అవి కూడా గుండ్రటివి. నా దాంట్ల ఏడే, పైగా తిన్నగ ఉంటయి, కొంచెం మూసి కొడితే వెనకాల సీరియల్ సెట్టు బల్బులన్నీ ఏడు మూలల బిళ్లలైతయి. అయితే ఇంకా మూసి 11 మీద దుబాయ్ మెరీనా లైట్లు కొట్టి చూడుండ్రి, ఒక్కొక్క లైటుకు పద్నాలుగు కిరణాలు కత్తి లెక్క వస్తయి, బ్లేడ్లు బేసి సంఖ్యల ఉంటే కిరణాలు డబుల్ అయితయి కదా. జీకి లెక్క ప్రకారం పద్దెనిమిది రావాలె, గుండ్రటి బ్లేడ్లు కాబట్టి అంత పదునుగ రావు. ఊదారంగు అంచులైతే రెండిట్ల ఉన్నయి. ఎండకు ఎదురుగ తెల్ల కందూరా (అరబ్బుల పొడుగు అంగీ) వేసుకున్నాయనను 1.4ల తీస్తే బట్ట అంచు వెంబడి ఊదా గీత, మన దగ్గర పట్టుచీర జరీ మీద, నగల మీద వచ్చినట్టే. పదమూడేండ్ల తర్వాత చేసిన లెన్సుల కూడా అది పోలేదు మరి.

ఇగ ఫోకస్ స్పీడు. ఇక్కడ నేను తగ్గ. డీ750 మోటారుతోని పాతది చటుక్కున పట్టుకుంటది, జీ మెల్లగ, బుద్ధిగ పోయి ఆగుతది. నిఖాకు అది చాలు, ఎవరూ కదలరు. తలంబ్రాలకు చాలుతదా? పెళ్లికూతురు దోసిలి లేపుడు, పోసుడు, నవ్వుడు అంతా కన్ను మూసి తెరిచేలోపల అయిపోతది, ఆడ జీ పెట్టుకున్నోడు బియ్యం కింద పడ్డంక ఫోకస్ తెచ్చుకుంటడు.

జీల మెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, మౌంటు కాడ రబ్బరు. ఎడారి షూటింగుకు పోతే ఇసుక ఎంత సన్నగ ఉంటదో ఈడ ఉన్నోళ్లకు ఎరుకే, నా పాతదానికి ఆ రబ్బరు లేదు, ఫోకస్ చేసినప్పుడల్లా ముందటి గొట్టం బయటికి వచ్చి లోపలికి పోతది. జీల కదిలేదంతా లోపల్లోపలే. ఆటో ఫోకస్ మీద ఉన్నా రింగు చేతితోని తిప్పి సరిచేసుకోవచ్చు కూడా. అయితే జీకి అపర్చర్ రింగు లేదు. మా సార్ ఫిల్ము కెమెరా ఎఫ్ఎం10 మీద నా డీ లెన్సు పెడితే వెలుతురు కొలిచే మీటరుతో సహా పని చేసేది, జీ పెడితే అపర్చరు చిన్నగ మూసుకొనే ఉంటది, పనికి రాదు. ఈడ ఎఫ్ఎం10 ఎవరు వాడుతరు అంటే, ఎవరూ వాడరు, నాకు తెలుసు.

స్టూడియోల ఇప్పుడు నికాన్ కొత్త తరం జెడ్ కెమెరాలు తెస్తరట. పాత లెన్సులను వాటికి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్ల స్క్రూ తిప్పే మోటారు లేదు, అంటే నా ఫిఫ్టీ దాని మీద చేత్తోని తిప్పుకునుడే. చేట్టన్ ఇప్పుడే అమ్మేసెయ్, రేటు పడిపోతది అంటున్నడు. మంచికే చెప్తున్నడు, తిట్టినాయనే సాయంత్రం బిర్యానీ తెప్పించిండు కూడా. నేను అమ్మేది లేదు అని చెప్పిన. 2018ల వచ్చిన జెడ్ 50ఎంఎం 1.8 అయితే పదును ఘోరంగ ఉంటది, కాని 415 గ్రాములు, అది ఫిఫ్టీ అంటే నాకు నవ్వొస్తది.

మా రూముల నిజామాబాద్ తమ్ముడు ఒకడున్నడు, డీ3400 కొనుక్కున్నడు, "అన్నా, నీ లెన్సు నాకియ్యరాదు" అంటడు. తమ్మీ, నీ బాడీల మోటారు లేదురా, ఇది నీకు ఫోకస్ కాదు, నువ్వు 1.8జీ తీసుకో, 185 గ్రాములే, 2011ది, నీ కెమెరాకు అదే కరెక్టు అని చెప్పిన.