నాలుగో మాట, పద్నాలుగు కాన్వాసులు

గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ప్రసంగాలకి పంచేటప్పుడు నాలుగోది ఎవరికి పడుతుందా అని చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గుంటూరులో మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఆరాధన, బయట ఏప్రిల్ ఎండ, లోపల తిరిగీ తిరగని ఫ్యాన్లు, ఉపవాసంతో నీరసపడ్డ పెద్దవాళ్లు, తెల్లచీరలు. మొదటి మాట క్షమాపణ, రెండోది దొంగకి పరదైసు, మూడోది తల్లిని శిష్యుడికి అప్పగించడం. వాటి మీద ఎవరైనా పావుగంట హాయిగా మాట్లాడేస్తారు. నాలుగో మాట "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ". నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి. ఇది పడినవాళ్లకి టెన్షన్.

తప్పించుకోడానికి రెండు దారులున్నాయి, నేను విన్న ప్రసంగాలన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాంట్లోంచి బయటపడినవే. ఒకటి, లోకపాపమంతా ఆయన మీద మోపబడింది కాబట్టి తండ్రి ముఖం తిప్పుకున్నాడు, మన కోసమే కాబట్టి స్తోత్రం. రెండోది, అది బైబిల్లో 22వ కీర్తన మొదటి వచనం, ఆ కీర్తన చివర్లో స్తుతి ఉంది, కాబట్టి యేసుప్రభువు నిజానికి విజయాన్నే గుర్తు చేస్తున్నాడు. రెండిట్లోనూ నిజముంది, కాదనను. కానీ మూడు గంటలప్పుడు బిగ్గరగా కేకవేసిన మనిషి అక్కడ మనకి రిఫరెన్సు చెప్తున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆ కేక ఇంకా గాల్లో ఉండగానే ప్రసంగీకుడు పునరుత్థానపు ఆదివారం తెల్లవారుజాముకి చేరిపోతాడు.

ఈ ఏడాది వర్జీనియాలో మా తెలుగు ఫెలోషిప్ వాళ్లు ఆ నాలుగో మాట నాకిచ్చారు. వద్దనలేకపోయాను. రెండు వారాల ముందు ఒక శనివారం, మా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మని తీసుకుని వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీకి వెళ్లాను. టికెట్ లేదు కాబట్టి అమ్మ కూడా అభ్యంతరం చెప్పలేదు. ఈస్ట్ బిల్డింగ్‌లో పైకంటా ఎక్కితే టవర్ గదుల్లో ఒకచోట అమెరికన్ చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ వేసిన పద్నాలుగు కాన్వాసులుంటాయి. ఒక్కోటి ఆరున్నర అడుగుల ఎత్తు. పెద్దపెద్ద ఖాళీ గుడ్డలు, వాటి మీద పైనుంచి కిందికి దిగే నిలువు గీతలు. సిలువ లేదు, మనిషి లేడు, రక్తం లేదు. గడప దాటుతూనే అమ్మ, "ఏంట్రా, రంగులెయ్యకుండా వదిలేశారు?" అంది.

అమ్మని తప్పు పట్టడానికి లేదు. మొదటిసారి ఫోటోల్లో చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

వీటి మొత్తానికి పేరు 'సిలువ మార్గం: లెమా సబక్తానీ'. మన ప్రొటెస్టెంట్లకి సిలువ మార్గం అంతగా అలవాటు లేదు. కతోలికులు శ్రమకాలంలో పద్నాలుగు స్థలాల దగ్గర ఆగుతూ ప్రార్థిస్తారు, మరణశిక్ష విధించడం దగ్గర మొదలై సమాధిలో పెట్టడంతో ఆగుతుంది. న్యూమన్ చర్చి మనిషి కాదు. పోలండ్ నుంచి వలసొచ్చిన యూదుల ఇంట్లో 1905లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1957 నవంబరులో గుండెపోటు వచ్చింది. తేరుకున్నాక 1958లో పచ్చి గుడ్డ మీద నల్లరంగుతో రెండు బొమ్మలు వేశాడు, ఏం వేస్తున్నాడో అప్పటికి తనకే పూర్తిగా తెలీదు. నాలుగోది అయ్యేసరికి ఇవి ఆ కేక గురించేనని తట్టిందట, అక్కణ్నుంచి పద్నాలుగూ పూర్తయ్యేసరికి 1966. ఎనిమిదేళ్లు ఒక్క మాట దగ్గర! మనకి పావుగంటే బరువు.

ఆ ఏడాదే న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టినప్పుడు చాలామంది విమర్శకులు పెదవి విరిచారు, గీతలకి అంత పెద్ద పేరెందుకని. దానికి న్యూమన్ కేటలాగులో ఇచ్చిన వివరణ నాకు ఏ ప్రసంగంకన్నా ఎక్కువ పని చేసింది. తాను గీసింది కొండెక్కిన ఆ నడకని కాదు, ఆ ప్రశ్ననే, అదీ జవాబు లేని ప్రశ్న, అన్నాడు. అందుకే పద్నాలుగు స్థలాలకీ వేరువేరు సంఘటనలు లేవు. ఇది పడిపోవడం, ఇది వెరోనికా ఆయన ముఖం తుడవడం అని వేలు పెట్టి చూపించలేం. మొదట్లో నల్లగీత బరువుగా ఉంటుంది, పోనుపోను నలుపు తగ్గి తెలుపు మాత్రమే మిగిలే కాన్వాసులు వస్తాయి, ఇక తేలికైందనుకునేలోపు నలుపు మళ్లీ వచ్చేస్తుంది. చాలాచోట్ల రంగే తగలని పచ్చి గుడ్డ అలాగే కనిపిస్తుంది. అది బ్యాక్‌గ్రౌండ్ కాదు, మూడో రంగు.

ఇదంతా అమ్మకి చెప్పాను. "మరి ప్రభువు ముఖమెక్కడ?" అంది.

ముఖం సంగతికి వస్తే, మా ఇంట్లో హాల్లో ఉన్నది అమెరికన్ చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో వేసిన బొమ్మ తాలూకు ప్రింటు. పేరు తెలియకపోయినా బొమ్మ మీకందరికీ తెలుసు: గోధుమరంగు జుట్టు భుజాల మీదికి, వెలుగుపడ్డ నుదురు, పక్కకి చూసే శాంతమైన ముఖం. యాభై కోట్లకు పైగా ప్రతులు వెళ్లాయంటారు, వాటిలో మన కేలండర్ల వాటా తక్కువేమీ ఉండదు. విగ్రహాలు వద్దు, పటాలకి దండలు వద్దు అని పెరిగిన ఇల్లే మాది, కానీ ఆ ముఖం గోడ మీద లేకపోతే అమ్మకి ప్రార్థన కుదరదు. దేవుడికి రూపం చెయ్యొద్దన్న రెండో ఆజ్ఞ లెక్కన చూస్తే మన కేలండర్‌కన్నా న్యూమన్ గీతలే నియమం తప్పలేదు అని నేనంటే అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి తెలుసు కాబట్టి పొడిగించలేదు.

కానీ నా గొడవ సాల్మన్ బొమ్మ విదేశీ ముఖం అని కాదు, ఆ మాట చాలామంది చెప్పేశారు. నా గొడవ, ఆ ముఖం నాలుగో మాట అనగలదా అని. ఆ నోటి నుంచి మొదటి మాట వస్తుంది, ఆత్మని తండ్రి చేతికి అప్పగించే ఏడోది కూడా వస్తుంది. కేక రాదు.

కేక పెట్టగలిగే ముఖం మన దేశపు మనిషే వేశాడు. చిత్రకారుడు ఫ్రాన్సిస్ న్యూటన్ సూజా, 1924లో గోవాలో కతోలిక ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు మశూచి సోకితే, బతికితే ఫాదర్‌ని చేస్తానని తల్లి మొక్కుకుందట. ఫాదర్ అవలేదు సరికదా, బొంబాయిలో జేజే ఆర్ట్ స్కూల్ నుంచి గెంటించుకుని, 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ మొదలుపెట్టి, 1949లో లండన్ వెళ్లిపోయాడు. చర్చి సిద్ధాంతాలు కాదు, ఆ కట్టడాలూ ఆరాధనల వైభవమూ తనని పట్టుకున్నాయని రాసుకున్నాడు. అయినా 1959లో ఆయన వేసిన 'సిలువ' చూడండి, లండన్‌లో టేట్ మ్యూజియం దగ్గరుంది. వైభవం ఎక్కడా లేదు. నల్లటి మందమైన గీతలు, మేకుల్లాంటి ముళ్లు, నలిగిన ఒళ్లు. చిన్నప్పుడు ఒక పత్రికలో చూసి పేజీ తిప్పేశాను, దేవుణ్ని ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత యెషయా 53 చదువుతుంటే "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అన్న దగ్గర ఆ బొమ్మే కళ్లముందుకొచ్చింది. అదే అధ్యాయాన్ని సాల్మన్ బొమ్మ కింద కూర్చుని కంఠతా పట్టాం మేము, ఎప్పుడూ తేడా రాలేదు!

చిత్రకారుడు మార్క్ షగాల్ గురించి రాస్తే ఇది ఇంకో పోస్టు అవుతుంది, కొంచెమే చెప్తాను. షగాల్ కూడా యూదుడే. 1938లో, జర్మనీలో యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టిన ఏడాది, 'తెల్ల సిలువ' వేశాడు. ఇప్పుడది షికాగోలో ఉంది. యేసు నడుముకి యూదులు ప్రార్థనలో కప్పుకునే చారల శాలువా కట్టాడు. చుట్టూ తగలబడుతున్న మందిరం, తలకిందులైన ఇళ్లు, పడవలో పారిపోతున్నవాళ్లు, బిడ్డని హత్తుకున్న తల్లి. ఎవరూ సిలువ వైపు చూడట్లేదు, ఎవరి ప్రాణం వాళ్లది. పోప్ ఫ్రాన్సిస్ తనకి బాగా ఇష్టమైన బొమ్మ అని చెప్పింది దీన్నే. యేసు యూదుడని మనం నోటితో అంటాం, ఆ శాలువా చూసేదాకా నాకది ఒంటికి తగల్లేదు.

న్యూమన్ మొదటి కాన్వాసు వేసిన 1958లోనే మన మెదక్ చర్చిలో మూడో రంగుటద్దాల కిటికీ, సిలువ కిటికీ, వచ్చింది. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పని. మెదక్ వెళ్తే తప్పక చూడండి, అదీ ఎండ ఉండగానే, పొద్దుపోతే ఆ అద్దాల్లో ఏమీ ఉండదు. నాకా కిటికీ చాలా ఇష్టం. అక్కడ నిలబడితే మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. న్యూమన్ గదిలో అలా వంగలేదు. నిలబడి ఉండటమే కష్టంగా అనిపించింది, అంతే.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కోదాని ముందూ ఆగుతూ వచ్చింది, ఏడో ఎనిమిదో దాటాక మాటలు మానేసింది. నచ్చి కాదు, మోకాళ్ల నొప్పి. కానీ పన్నెండోదాని దగ్గర ఉన్నట్టుండి, "మీ నాన్నని ఐసీయూలో పెట్టినప్పుడు బయట గోడ ఇలాగే ఉండేది" అంది. నేనేమీ అనలేదు. నాన్న పోయి ఆరేళ్లు. ఆ పదకొండు రోజుల గురించి అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా దేవుని కృప అనే మొదలుపెడుతుంది, గోడ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

పద్నాలుగోది అయ్యాక, "సమాధేనా ఆఖరు? ఆదివారం లేదా?" అని అడిగింది. ఉంది, అదే గదిలో పదిహేనో కాన్వాసు. దాని ఒక అంచున సన్నటి ఎర్రగీత, గది మొత్తానికి రంగంటూ ఉన్నది అక్కడే. అమ్మ ముఖం విప్పారింది. "ఇది పర్లేదు. దీని పేరేంటి?" అంది. ఇంగ్లీషులో 'బీ', అంటే 'ఉండు' అని. 1962లో మొదటిసారి చూపించినప్పుడు 'పునరుత్థానం' అన్నాడు, తర్వాత ఆ పేరు తీసేసి ఇది పెట్టాడు అని చెప్పాను.

ఎందుకు తీసేశాడంటే నా దగ్గర జవాబు లేదు. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు అమ్మ మళ్లీ అందుకుంది: "పునరుత్థానం అని ఉంచితే ఆయన సొమ్మేం పోయేదిరా?"