తలుపు వేసుకుని వినే పాటలు

మీకు ఎలాంటి సంగీతం ఇష్టమని ఎవరైనా అడిగినప్పుడు మనం చెప్పే జవాబు ఒకటి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మన చెవిలో మోగే పాట మరొకటి. నేను చాలా ఏళ్లు మొదటి జవాబే చెబుతూ వచ్చాను. ఘంటసాల పద్యాలు, బాలమురళీకృష్ణ పాడిన తత్వాలు, అన్నమయ్య కీర్తనలు, ఇళయరాజా పాటల్లో ఎంపిక చేసిన కొన్ని అని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు, అవన్నీ నాకు ప్రాణమే. కానీ ఆ జాబితాలో ఎల్.ఆర్. ఈశ్వరి పేరు ఎప్పుడూ ఉండేది కాదు. 1970ల తెలుగు సినిమాల్లో ఆవిడ పాడిన క్లబ్ పాటలను నేను ఎంతగా వింటానో, ఎంత శ్రద్ధగా వింటానో ఎవరికీ చెప్పలేదు. ఆ పాటలు ఇష్టమని చెప్పుకోవడానికి నాకు, నాలాంటి ఇళ్లలో పెరిగిన మరెందరికో ఎందుకింత జంకు అన్నది కొంతకాలంగా నన్ను వదలకుండా ఉన్న ప్రశ్న.

ఆ పాటల సందర్భం అందరికీ తెలిసినదే. ప్రతినాయకుడి స్థావరమో, పట్నంలోని పెద్ద హోటలో, చేతుల్లో గ్లాసులు, నడుమ జ్యోతిలక్ష్మో జయమాలినో నాట్యం చేస్తూ ఉండగా, నాయకుడు మారువేషంలో ఒక మూల కూర్చుని ఉంటాడు. తెర మీద జరిగేదాన్ని పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వింటే వేరే లోకం తెరుచుకుంటుంది. బాంగోలు, డ్రమ్ములు, ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా లేచి తగ్గిన తరువాత ఆ గొంతు ప్రవేశిస్తుంది. ఈశ్వరి పాటలో స్వరస్థానం ఎక్కడా తప్పదు. అయినా ఆవిడ ప్రతి మాటనూ స్వరానికి అప్పగించి ఊరుకోదు. పదం చివరి అచ్చును సాగదీసి, సరిగ్గా తాళం పడబోయే ముందు తుంచేస్తుంది. మధ్యలో ఊపిరి వినిపిస్తుంది. ఒక చిన్న నవ్వు గొంతులో మొదలై, పూర్తిగా బయటకు రాకుండానే తరువాతి చరణంలోకి కలిసిపోతుంది. ఆ నవ్వు కూడా లయలోనే ఉంటుంది. ఇలా పాడడం ఎంత కష్టమో తెలియాలంటే ఆ పాటల్లో ఏదో ఒకదాన్ని ఎవరైనా మంచి గాయని చేత వేదిక మీద పాడించి చూడాలి. స్వరాలన్నీ పలుకుతాయి, పాట మాత్రం రాదు.

మా పెద్దమ్మ వీణ నేర్పేది. సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా ఊళ్లో ఎంతమంది ఆడపిల్లలకు నేర్పిందో లెక్క లేదు. మధ్యాహ్నం వంటింటి గూట్లో ఉన్న ట్రాన్సిస్టర్‌లో వివిధభారతి జనరంజని వచ్చేది. శ్రోతలు కోరిన పాటలు కాబట్టి ఏ పాట తరువాత ఏది వస్తుందో తెలియదు. సుశీలమ్మ పాట అయిపోయి ఈశ్వరి పాట మొదలవగానే పెద్దమ్మ చేయి చాచి శబ్దం తగ్గించేది. కట్టేసేది కాదు, తగ్గించేది. ఒకసారి అడిగాను, "ఎందుకు తగ్గించావు పెద్దమ్మా?" అని. "వాకిట్లో మీ పెదనాన్నగారున్నారురా" అంది, చింతపండు పిసుకుతూనే. ఆ పాట అయ్యేదాకా గూటి దగ్గర నుంచి కదలలేదు. ఆవిడ వేళ్లు గిన్నె అంచు మీద తాళం వేస్తూనే ఉన్నాయి, అదీ తప్పు లేకుండా. సంగీతం తెలియనివాళ్లకు నచ్చే పాటలివి అన్న మాట తరువాత ఎప్పుడు విన్నా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది.

మనం గౌరవించే పాటలనూ, దాచుకునే పాటలనూ వేరు వేరు మనుషులు చేశారా అని చూస్తే జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. 1971లో వచ్చిన ప్రేమనగర్ చిత్రాన్నే తీసుకుందాం. అందులో ఘంటసాల పాడిన "మనసు గతి ఇంతే" తెలుగువాళ్లు తమ గొప్ప విషాదగీతాలలో ఒకటిగా చెప్పుకుంటారు. అదే చిత్రంలో "లేలేలే నా రాజా" అనే క్లబ్ పాట ఉంది. రెండింటికీ సాహిత్యం ఆత్రేయదే, రెండింటికీ సంగీతం కె.వి. మహదేవన్‌దే. రెండవ పాటలో ఈశ్వరికి తోడుగా పాడినది కూడా ఘంటసాలే. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా చదువుకున్నవాడు, ఆయన కన్నుమూసిన 1974 తరువాత ఏ దేవాలయంలో చూసినా భగవద్గీత శ్లోకాలుగా వినిపిస్తున్నవాడు, ఆ గొంతుతోనే ఆ పాటా పాడాడు. ముక్తసరిగా పాడి తప్పుకోలేదు. మత్తు ఎంత మోతాదులో ఉండాలో ఆ మోతాదులోనే ఉంచి, ఎదుటి గొంతుకు చోటిస్తూ పాడాడు. ఒకదాన్ని ముందు గదిలోనూ మరొకదాన్ని తలుపు వేసుకునీ వింటున్నది మనమే తప్ప, చేసినవాళ్లకు ఆ తేడా ఉన్నట్టు పాటలో ఎక్కడా వినిపించదు.

ఇది ఒక్క చిత్రంతో ఆగదు. 1973లో వచ్చిన దేవుడు చేసిన మనుషులు చిత్రంలో ఈశ్వరి పాడిన "మసక మసక చీకటిలో" పాటను రాసినది ఆరుద్ర. త్వమేవాహం రాసిన కవి, తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని సంపుటాలుగా కూర్చిన పరిశోధకుడు ఆయనే. 1977లో వచ్చిన అడవిరాముడు సంగతి మరీ స్పష్టం. "ఆరేసుకోబోయి పారేసుకున్నాను" అన్న పల్లవి విని ముఖం చిట్లించిన పెద్దలు, మూడేళ్లు తిరగకుండానే 1980 ఆరంభంలో శంకరాభరణం విడుదలైనప్పుడు తెలుగు సినిమాకు మళ్లీ ప్రాణం వచ్చిందన్నారు. రెండు చిత్రాలకూ పాటలు కట్టినవారు వేటూరి, మహదేవన్‌లే. రెండింటిలోనూ ప్రధాన పురుష గళం బాలసుబ్రహ్మణ్యానిదే. శంకరాభరణానికి మహదేవన్‌కూ బాలూకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి, అవి రావలసినవే. ముందు సాహిత్యం రాయించుకుని, ఆ మాటల నడక నుంచి వరుసను పట్టుకోవడం మహదేవన్ పద్ధతి. ఆ పద్ధతిని దృష్టిలో పెట్టుకుని ఆరేసుకోబోయి పల్లవిని మరొకసారి పలికి చూడండి. రెండు ముక్కల్లోనూ రెండవ అక్షరం "రే" దగ్గర ప్రాస కుదిరింది. మొదటి ముక్కలో ఒక పని తలపెట్టడం, రెండవ ముక్కలో అది చేజారిపోవడం. ఇంత పొదుపుగా, ఇంత చురుగ్గా కథ చెప్పిన పల్లవులు మనకు ఎక్కువ లేవు. దాన్ని పాడింది సుశీలమ్మ. భక్తి గీతానికి వాడిన స్వచ్ఛమైన గొంతునే వాడింది, ఒక్క రవ్వ కూడా మురికి చేయలేదు. కొంటెతనమంతా బాలూ అందించే అరుపులకూ విరుపులకూ వదిలేసింది. ఆ పంపకం చూస్తే నాకు ఇప్పటికీ అబ్బురమే.

పాటను చూసి సిగ్గుపడడం మనకు ఇళ్లలో మాత్రమే నేర్పలేదు. 1952 నుంచి పదేళ్లపాటు సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. శాస్త్రీయ సంగీతం వింటే జనం బాగుపడతారని ఆయన నమ్మకం. జనం సిలోన్ రేడియో వైపు తిరిగారు. చివరకు 1957 అక్టోబరులో వివిధభారతి మొదలు పెట్టక తప్పలేదు. మా పెద్దమ్మ గూట్లో మోగిన జనరంజనికి వెనక ఉన్న కథ ఇది. ప్రభుత్వమే పాటలను మంచివీ చెడ్డవీ అని వేరు చేసిన దేశంలో, ఒక గృహిణి శబ్దం తగ్గించడంలో వింత లేదు.

అంతకన్నా వెనక్కు వెళితే మరొక సంగతి కనిపిస్తుంది, నాకు అన్నిటికన్నా పెద్దది అదే. ఇవాళ కచేరీ చివర జావళి అనే శృంగార గీతం పాడితే సభలోని రసికులు ముందుకు వంగి వింటారు. ప్రియుడు రాలేదని విసుక్కునే నాయికను, వచ్చినవాణ్ణి ద్వారం దగ్గరే నిలదీసే నాయికను ధర్మపురి సుబ్బరాయరు తెలుగులో ఎంత చనువుగా పలికించారో మెచ్చుకుంటారు. పదిహేడవ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడితో నాయిక మాట్లాడే మాటలు మన క్లబ్ పాటల్లోని మాటల కన్నా ఏ మాత్రం మడి కట్టుకున్నవి కావు, చాలాచోట్ల వాటికన్నా తెగువైనవి. పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుంచి ఆ పదాలూ జావళీలూ పాడే కళావంతుల, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న దేవదాసీ స్త్రీల, మేజువాణులను మానిపించాలని ఉద్యమాలు నడిచాయి. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధించే చట్టం వచ్చింది. ఆ స్త్రీలను పీడన నుంచి తప్పించాలన్న ఆలోచనలో న్యాయం ఉంది. అయితే వాళ్లతో పాటు వాళ్ల పాట కూడా మర్యాదస్తుల ఇళ్ల గడప దాటకూడనిదైపోయింది. వీణ ధనమ్మాళ్ కుటుంబం ఆ పాటను పట్టుకుని నిలబెట్టబట్టి మిగిలింది. ఆవిడ మనవరాలు టి. బృందకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1976లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అదే దశకంలో మన ఇళ్లలో ఈశ్వరి పాటలకు శబ్దం తగ్గుతోంది.

ఏది దాచుకునే పాటో చివరకు నిర్ణయించేది రాగం కాదు, తాళం కాదు, మాటలు కూడా కాదేమో అనిపిస్తుంది. ఆ పాట ఎవరి మధ్య మోగుతుందన్నదే అసలు సంగతి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద, ఊరి చివర రికార్డింగ్ డాన్సు పందిళ్లలో, రిక్షా స్టాండు పక్కన టీ కొట్లో మోగే పాట నచ్చిందంటే, ఆ జనంలో మనమూ ఒకరమని ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోవడానికి మన చదువు, మన కులం, మన వీధి అడ్డొస్తాయి. మాకు తెలిసిన ఒక పెద్దమనిషి, త్యాగరాజ ఆరాధనకు ఏటా చందా ఇచ్చేవారు, ఈ పాటలను "ఆ రకం వాళ్ల పాటలు" అనేవారు. ఆ మాటలో సంగీత విమర్శ ఒక్క పాలు కూడా లేదు. తమిళనాడులో ఆషాఢం వచ్చిందంటే మారియమ్మన్ గుళ్లలో లౌడ్‌స్పీకర్ల మీద మోగేది ఇదే ఈశ్వరి గొంతు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ గాయని పాడిన అమ్మవారి పాటలు లేనిదే అక్కడ జాతర లేదు. అదే ఊపిరి, అదే విరుపు, అదే నిండుతనం. అక్కడ దాన్ని విని చేతులు జోడిస్తారు.

ఇంత చెప్పాక, దాచుకున్న పాటలన్నిటికీ నేను వకాలతు పుచ్చుకోవడం లేదు. నా కాలేజీ రోజుల నాటి, అంటే 1990ల నాటి పాటలు కొన్ని నాకు మహా ఇష్టం. డ్రమ్ మెషీన్ల మోత, కీబోర్డు మీద పరుగెత్తే చిన్న చిన్న స్వరాల గుంపులు, కోరస్ అందుకునే చోట వచ్చే ఊపు అన్నీ ఇష్టమే. వాటిలో చాలా యుగళగీతాల్లో నాయకుడు నాయికను వెంటపడి వేధిస్తాడు, ఆవిడ వద్దన్నకొద్దీ వరుస మరింత హుషారవుతుంది. ఆ పాటలు వింటున్నప్పుడు లోపల కలిగే ఇబ్బంది పెద్దమ్మ ఇబ్బంది లాంటిది కాదు. అది పదిమంది ఏమనుకుంటారో అన్న బెరుకు కాదు, బస్సులో ఆడపిల్లల మీద అవే మాటలు విసరడం కళ్లారా చూసినవాడి ఇబ్బంది. దాన్ని పోగొట్టుకోవాలని నేను అనుకోవడం లేదు. ఈశ్వరి పాటల్లో కెమెరా ఏ చూపు చూసినా, పాటలో మాట్లాడేది స్త్రీయే, పిలిచేది తనే, ఆటపట్టించేది తనే. ఆ గొంతు ఎవరికీ లొంగినట్టుగా ఎక్కడా వినిపించదు. ఈ రెండు రకాల పాటలనూ ఒకే గాటన కట్టి "చవకబారు" అనడం వల్ల ఈశ్వరి పాటలకు అన్యాయం జరిగింది, వేధించే పాటలు అడిగేవాళ్లు లేక తప్పించుకున్నాయి.

ఇప్పుడు దాచుకోవడం ఇంకా సులువైంది. స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ పెట్టుకుంటే మనమేం వింటున్నామో మన స్నేహితులకు కనిపించదు. నేను కొంతకాలం అలాగే విన్నాను, ఇప్పుడు తీసేశాను. కారులో చుట్టాలతో ప్రయాణం చేసేటప్పుడు ప్రేమనగర్ పాటలు చిత్రంలో ఉన్నవన్నీ పెడతాను, ఏదీ దాటవేయను. పెళ్లి వీడియోల్లో బ్యాండు మేళం ముందు హుషారుగా అడుగులు వేసిన మా మేనత్త మొదటిసారి కాస్త ఇబ్బందిగా కదిలి కూర్చుంది గాని, రెండవ చరణానికి తనే అందుకుంది, మాట పొల్లు పోకుండా. 1990ల పాటల విషయంలో మాత్రం నాకు ఇంకా దారి దొరకలేదు. ఆ వరుసలు వదలవు, ఆ మాటలు మా అమ్మాయి ఎదుట మోగించలేను. ప్రస్తుతానికి పాత కీబోర్డు దుమ్ము దులిపి, ఒక్కొక్క పాట వరుసను మాటలు లేకుండా వాయించుకుంటున్నాను. పల్లవి బాగానే పలుకుతోంది, చరణం దగ్గర ఎడమ చేతికి ఇంకా సాధన కావాలి.